ప్రాగు నగరపు మృత్పురుషుఁడు

యూదుల వాఙ్మయమునఁ జరిత్రము, భక్తి, యద్భుతము ముప్పేటగా నల్లుకొనిన కథలలో గోలెము కథ మిక్కిలి ప్రసిద్ధమైనది. బొహీమియా దేశపు రాజధానియైన ప్రాగు నగరమున నొక యూదమతాచార్యుఁడు మంటితో మనుష్యాకృతిని జేసి, యక్షరబలమున దానికిఁ బ్రాణము పోసి, తన జనులపై మోపఁబడిన యపనిందలను దానిచేఁ దొలఁగించెనని యా కథ చెప్పును. నేఁటికిని ప్రాగునందలి యంగళ్లలో నా మంటిమనిషి బొమ్మ లమ్ముచుందురు. ఈ కథ యెంతవఱకుఁ బ్రాచీనము, ఎవ్వరు దీనికి నేఁటి రూప మిచ్చిరి, ఏల యిచ్చిరి యనునవి యిచట విచార్యములు.

ఈ కథకుఁ గాలములు రెండు. కథలోని కాలము 1580. కథ ప్రసిద్ధరూపమున గ్రంథస్థమైన కాలము 1909. ఈ రెండింటి నడుమఁగల మూఁడువందల యేండ్ల దూరమును మఱచినచో నిది వట్టి యద్భుతకథ. గమనించినచో యూదుల చరిత్రమున నొక దుర్భరఘట్టమునకు సాక్ష్యము.

శబ్దవిచారము

గోలెమనునది హెబ్రీశబ్దము. ఆ భాషయందలి పదములు ప్రాయికముగా మూఁడు హల్లులుగల ధాతువులనుండి పుట్టును. గకార లకార మకారములుగల యీ ధాతువునకుఁ జుట్టుట, మడుచుట యని యర్థము. రాజుల రెండవ గ్రంథమున ఏలీయా ప్రవక్త తన దుప్పటిని మడుచుట యీ ధాతువుచేతనే చెప్పఁబడినది. మడువఁబడి యింకను విప్పఁబడనిది యను భావమునుండి, రూప మేర్పడనిది, పిండము అను నర్థము సిద్ధించెను. హెబ్రీ బైబిలునం దీ నామపద మొక్కచోటనే, 139వ కీర్తనయందు, తల్లిగర్భమునందలి పిండమును జెప్పుటకుఁ బ్రయుక్తమైనది. పిదప మిష్నా యను ధర్మసంగ్రహమునఁ, బితరుల సూక్తులను భాగమున, జ్ఞానికిఁ బ్రతియోగియైన సంస్కారహీనునకు నీ పేరు పెట్టిరి. మంత్రబలమునఁ జేయఁబడిన మంటిమనిషి యను నర్థము మధ్యయుగమునఁ గాని రాలేదు. మూఁడర్థములందును సామాన్యధర్మ మొక్కటే: ఉండవలసిన దేదో యింకను లేకుండుట.

తాల్మూదునందలి మూలకథ

కథకు మూలము బాబులోను తాల్మూదునందలి సన్హెద్రిను ప్రకరణమునఁ గలదు. సజ్జనులు తలఁచినచో లోకమునే సృజింపఁగలరనియు, వారి పాపములే యందుల కడ్డమనియు నచటఁ బ్రస్తావము. దాని వెంటనే 4వ శతాబ్దమునకుఁ జెందిన రవా యను పండితుఁ డొక మనుష్యుని సృజించి రబ్బీ జేరా యను పండితునికడకుఁ బంపెనని చెప్పఁబడినది. జేరా వానితో మాటలాడెను. వాఁడు బదులు పలుకలేదు. అంతట వాఁడు పండితకల్పితుఁడని జేరా గ్రహించి, మరల మన్ను కమ్మని యాజ్ఞాపించెను. కథ యింతియే. ఇందు యుద్ధము లేదు, రక్షణము లేదు, సేవయు లేదు.

ఈ కథను జెప్పు వాక్యమున శాబ్దికులు గమనింపఁదగిన విశేష మొకటి కలదు. కర్తృపదమైన రవా నామమునకును, సృజించెనను క్రియాపదమునకును హెబ్రీలిపిలో నక్షరములు మూఁడును నవియే. క్రమము మాత్రమే వేఱు. మనుష్యుఁడను కర్మపద మా మూఁడింటికి ముందొక యక్షరము చేర్పఁగా నైనది. కర్త పేరునందలి యక్షరములు స్థానము మాఱి క్రియయై, మఱియొక యక్షరమును గూర్చుకొని సృష్టి యైనవి. వర్ణముల కూర్పే సృష్టి యను సిద్ధాంత మీ చిన్నవాక్యమున నిమిడియున్నది. అయినను మనుష్యుఁడు చేసిన మనుష్యునకు మాట రాలేదు. వాక్కు దైవదత్తమే కాని శిల్పలబ్ధము కాదని తాత్పర్యము.

ఈ సిద్ధాంతమును విస్తరించునది సేఫెర్ యెత్సీరా, అనఁగా సృష్టిగ్రంథము. హెబ్రీవర్ణము లిరువదిరెండింటిని అది మూఁడు తల్లులు, ఏడు ద్వంద్వములు, పండ్రెండు సరళములు అని విభజించి, యందు రెండేసి వర్ణములఁ గూర్పఁగా 231 ద్వారము లేర్పడుననియు, సృష్టియంతయు నా ద్వారములనుండి వెడలెననియుఁ జెప్పును. ఆగమములలో వర్ణములకు మాతృకలను పేరుండుట యెఱిఁగిన చదువరులకు వర్ణములఁ దల్లులనుట వింతగాఁ దోఁపదు. కాని సామ్యమాత్రమునుబట్టి సంబంధ మూహింపరాదు. జర్మనీ దేశమున వోర్మ్సు నగరవాసియైన ఎలియాజరు 13వ శతాబ్ద ప్రారంభమున నీ గ్రంథమునకు వ్యాఖ్య వ్రాసి, యెవ్వరును ద్రవ్వని మట్టిని నీటితోఁ గలిపి బొమ్మను జేసి వర్ణసంయోగములను జపించు విధిని వివరించెను. అదియు నుపాసనావిధియే. బొమ్మ లేచి పనిచేయవలెనను కోరిక యందుఁ గానరాదు.

హెల్ము నగరపు వృత్తాంతము

మృత్పురుషుఁడు సేవకుఁడగుట పోలండు దేశపు కథలలోఁ గనఁబడును. 16వ శతాబ్దమున హెల్ము నగరమున ఏలియా యను రబ్బీ యుండెను. అతఁడు మంటిమనిషిని జేసి నుదుట ఎమెత్ అను పదమును వ్రాసి పనులు చేయించుకొనెనఁట. ఎమెత్ అనఁగా సత్యము. తొలి యక్షరమైన అలెఫును దుడిచివేసిన మెత్ అని మిగులును, అనఁగా మృతుఁడు. ఆ బొమ్మ నానాఁటికిఁ బెరిఁగి నుదురు చేతి కందకపోవఁగా, రబ్బీ తన పాదరక్షలు విప్పుమని యాజ్ఞాపించి, యది వంగినప్పు డక్షరమును దుడిచెను. వెంటనే యా మంటికుప్ప మీఁదఁబడి యాతఁడే మడిసెను. 1674లో నచ్చుపడిన క్రిస్తోఫు ఆర్నాల్డు లేఖయం దీ వృత్తాంతము కలదు. 1808లో యాకోబు గ్రిమ్ము దీనిని సంగ్రహించి ప్రకటింపఁగా జర్మను కవులకుఁ బరిచిత మయ్యెను.

ఆ ఏలియా వంశీయుఁడే త్స్వీ అష్కెనాజి (1660–1718) యను ధర్మవేత్త. యూదుల సామూహికప్రార్థనకుఁ బదుగురు పురుషులు కావలెను. తొమ్మండుగురు చేరినప్పుడు గోలెమును బదవవానిగా లెక్కింపవచ్చునా యని యతఁడు విచారించెను. జేరా యా మనుష్యుని మన్ను గావించెను గదా. వానిని బదుగురిలో లెక్కించుటకు వీలుండినచో నట్టి ప్రయోజనముగలవానిని నాశనము చేయుట తగదు. కావున లెక్కింపరాదు అని యతని సమాధానము. పరిహాసమువలెఁ దోఁచు నీ విచారమున మనుష్యత్వమునకు లక్షణ మేది యను గంభీరప్రశ్న యిమిడియున్నది.

ప్రాగు మహరాలు

ప్రాగు కథకు నాయకుఁడు యెహూదా లోవ్. బిరుదాక్షరముల కూర్పుచే మహరాలని ప్రసిద్ధుఁడు. ఇతఁ డనేకగ్రంథకర్త, విద్యావిధాన సంస్కర్త. 1609లోఁ బ్రాగునందే మరణించెను. చక్రవర్తియైన రెండవ రుడాల్ఫు 1592లో నితనికి దర్శన మిచ్చెను. ఈ విషయమును జెప్పినవాఁడు సమకాలికుఁడు, తన్నగరవాసియు నగు దావీదు గాంసు. గాంసు రచించిన చరిత్రగ్రంథము త్సెమహ్ దావీద్ ప్రాగునందే 1592లో నచ్చుపడినది. అందు మహరాలు పాండిత్యము గొనియాడఁబడినది, రాజదర్శనము వర్ణింపఁబడినది. గోలెము మాట లేదు. 1590లోఁ బరిసమాప్తమైనట్లుగాఁ జెప్పఁబడు నద్భుతమును, ఆ వీథులలోనే తిరిగినవాఁడు రెండేండ్లకే వ్రాసిన చరిత్రమున విస్మరించుట సంభవింపదు. మహరాలు తన విపులగ్రంథములలోఁ దానును జెప్పలేదు.

చెప్పకుండుటమాత్రముచే లేకుండుట సిద్ధించునా యని శంక. మీమాంసకులు యోగ్యానుపలబ్ధి యనెడిది యిచట స్మరింపఁదగినది. చీఁకటిలో ఘటము కనఁబడకున్న నది లేదనరాదు; మంచి వెలుతురులోఁ గనఁబడకున్న లేదనియే చెప్పవలెను. గాంసు గ్రంథ మట్టి వెలుతురు.

గోలెము ప్రాగునకు వచ్చినది 19వ శతాబ్దమున. 1837లో బెర్తోల్డు ఔయెర్‌బాహు తన స్పినోజా నవలయందు మహరాలు గోలెమును బ్రస్తావించెను. 1847లోఁ బ్రాగున వెలువడిన సిప్పూరీం కథాసంపుటమున నది సంగ్రహముగాఁ గలదు. అందు గోలె మింటిపనులు చేయు సేవకుఁడు. దాని నోటిలో దేవనామాంకితమైన పత్ర ముంచుటయు, విశ్రాంతిదినము ప్రారంభమగునప్పుడు తీసివేయుటయు రబ్బీకి నియమము. ఒక శుక్రవార సాయంకాల మాతఁడు మఱచెను, గోలెము చెలరేఁగెను, సమాజమందిరమునఁ గీర్తన నాపి యాతఁడు పరుగెత్తిపోయి పత్రమును లాగివేయఁగా నది మట్టియై కూలెను. ఈ కథయం దపనింద లేదు, న్యాయస్థానము లేదు, జనరక్షణము లేదు. అవి చేరుటకు మఱి యఱువది రెండేండ్లు పట్టినది.

రోజెన్‌బర్గు గ్రంథము

1909లోఁ, బోలండునందలి పియోత్రుకోవ్ నగరమున నిఫ్లాఓత్ మహరాల్, అనఁగా మహరాలు మహిమలు, అను హెబ్రీగ్రంథము వెలువడెను. ప్రకటనకర్త యూదెల్ రోజెన్‌బర్గు అను రబ్బీ. ఇది తన రచన కాదనియు, మహరాలు అల్లుఁడైన ఈసాకు కాట్జు స్వయముగ వ్రాసిన ప్రాచీనగ్రంథమనియు, నాఁడు జర్మను సామ్రాజ్యమునఁ జేరియుండిన మెట్జు నగరపు గ్రంథాలయమునుండి లభించెననియు నతఁడు తెలిపెను.

గ్రంథమునందలి కథ యిట్టిది. యూదులపై రక్తాపనింద ప్రబలఁగా మహరాలు స్వప్నమున దైవము నడిగెను. సమాధానము పదిపదములుగా వచ్చెను. ఆ పదముల మొదటి వర్ణములు హెబ్రీ వర్ణమాలయందలి తొలిపది యక్షరములే, క్రమము తప్పకుండ నున్నవి. 1580లో నతఁ డల్లునితోడను, యాకోబు సాసోన్ అను శిష్యునితోడను వ్లతావా నదీతీరమునకుఁ బోయి మన్నుతో నాకృతిని జేసెను. అల్లునియం దగ్నితత్త్వము, శిష్యునియందు జలతత్త్వము, ఆచార్యునియందు వాయుతత్త్వము, మన్ను నాలుగవది. ముగ్గురును దాని చుట్టుఁ దిరిగి జపింపఁగా నది లేచెను. దానికి యోసేఫు అని పేరు పెట్టి, మూఁగవాఁడని లోకమునకుఁ జెప్పి, ధర్మాసనపు గదిలో నొకమూల గూర్చుండఁబెట్టిరి. 1590లో నవసరము తీఱిన పిదప వచ్చిన క్రమమునకు విపరీతక్రమమున జపించి మరల మన్ను గావించి, పాత-క్రొత్త సమాజమందిరపు టటుకమీఁద దాఁచిరి.

ఇందు గోలెము చేయు పని గమనింపఁదగినది. వాఁడు శత్రువులఁ జంపఁడు. పస్కా పండుగకు ముందు రాత్రులందు వీథులు కాయును. యూదుల యింట శవమును రహస్యముగఁ బెట్ట వచ్చినవానిని బట్టి, శవముతోఁ గూడ నధికారుల కప్పగించును. దాఁగిన సాక్షిని వెదకి తెచ్చును. ఆయుధము బలము కాదు, నిదర్శనము. మాటరాని వాఁడు కథయంతట సాక్ష్యమునకే పాటుపడును.

రక్తాపనింద

ఇట్టి రక్షకుఁ డేల కావలసివచ్చెనో తెలియుటకు రక్తాపనింద స్వరూప మెఱుఁగవలెను. యూదులు పస్కా పండుగకై క్రైస్తవ శిశువులఁ జంపి రక్తము గొందురను నిది మధ్యయుగమునఁ బుట్టిన యసత్యము. ఇంగ్లండునందలి నార్విచిలో 1144లో మృతుఁడైన బాలునిగూర్చి యూదులపై నిందమోపుట యిట్టివానికి మొదలు. లేవీయకాండము జంతురక్తమును సయితము యూదులకు నిషేధించుచున్నది; 1236లో చక్రవర్తి రెండవ ఫ్రెడరికు, 1247లో పోపు నాల్గవ ఇన్నోసెంటు ఈ నింద యసత్యమని ప్రకటించిరి. అయినను నది చావలేదు. 1475లో ఇటలీయందలి ట్రెంటులో నీ నిందచే యూదులఁ జిత్రహింస పెట్టి చంపిరి.

ఇది మధ్యయుగముతో ముగిసిన మాట కాదు. 1882లో హంగరీయందలి తిసాఎస్లార్ గ్రామమున నొక బాలిక కనఁబడకపోఁగా యూదులపై నభియోగము తెచ్చిరి. 1883లో వారు నిర్దోషులని తేలెను. 1899లో బొహీమియాయందే పోల్నా యను నూరి యభియోగమున లియోపోల్డు హిల్స్నరు దోషిగాఁ దీర్పఁబడెను. పిమ్మటఁ జెకోస్లొవేకియాకు ప్రథమాధ్యక్షుఁడైన మసారికు పండితుఁడు నాఁ డా తీర్పు నెదిరించి నిందలఁ బడెను. హిల్స్నరు 1918 వఱకుఁ జెఱనుండెను. 1903లో రష్యాసామ్రాజ్యమునందలి కిషినేవ్ నగరమున నొక పత్రిక యీ నిందను రేపఁగా జరిగిన మారణకాండలో 49 మంది యూదులు హతులైరి.

రోజెన్‌బర్గు రష్యా చక్రవర్తి పాలనయందలి పోలండువాఁడు. అతని గ్రంథము కిషినేవ్‌నకు ఆఱేండ్లకుఁ బిదప వచ్చెను. మఱి రెండేండ్లకు, 1911లో, కీవ్ నగరమున నొక బాలుని హత్యనుబట్టి ఇటుకల కర్మాగారోద్యోగియైన మెండెల్ బెయ్‌లిసును బంధించిరి. 1913లో జ్యూరీ విడుదల చేయువఱకు రెండేండ్లకుఁ బైగా నాతఁడు చెఱలో నుండెను. 1580 నాఁటి కథగాఁ జెప్పఁబడినది 1909 నాఁటి పాఠకుల నిత్యభయమే. శవము తెచ్చి యింటఁ బెట్టువానిని బట్టుకొను వాఁ డొకఁ డుండిన నెంత బాగుండునో యని తలఁచిన ప్రతి యూదుని కోరికయే గోలెమై లేచినది.

ప్రామాణ్యవిచారము

గ్రంథము ప్రాచీనము కాదనుటకు హేతువులు స్పష్టములు. ఒకటి: మెట్జునందలి వ్రాతప్రతిని నేఁటివఱకు నే పరిశోధకుఁడును జూడలేదు. రెండు: కథలో మహరాలుతో వాదము చేసినట్లు చెప్పఁబడిన యోహాను సిల్వెస్టరు కార్డినలు ప్రాగు పీఠమున నుండలేదు, 1561 నుండి 1580 వఱకు ఆంటోనీన్ బ్రుసు, 1581 నుండి 1590 వఱకు మార్టిన్ మెదెకు అచటి యార్చిబిషపులు. మూఁడు: కర్తృస్వభావము. 1913లో రోజెన్‌బర్గు ప్రధానయాజకుని రత్నకవచమును మహరాలు లండనులోఁ గనుఁగొన్న కథ నింకొక దానిని బ్రకటించెను. ఆర్థరు కోనన్ డాయిలు 1899లో నింగ్లీషున వ్రాసిన కథయే యిది, పేళ్లు మాఱినదని శ్నేయర్ లైమాన్ 2002లో నిరూపించెను. డాయిలు కథలోని వస్తుప్రదర్శనశాల 16వ శతాబ్దపు లండనులోనికి వచ్చినది. బ్రిటిషు మ్యూజియము స్థాపింపఁబడినది 1753లో.

ప్రాచీనుల పేర నూతనగ్రంథములఁ బ్రకటించుట యే దేశమునకును గ్రొత్త కాదు. ఆంధ్రశబ్దచింతామణి నన్నయకృతమా కాదా యను వివాదమును, దాని లాభమునుగూర్చి 1656లో అప్పకవి చెప్పిన గాథను నెఱిఁగినవారికి, పోయిన గ్రంథము దొరకెనను పీఠిక యెంతటి జాగ్రత్తతోఁ జదువఁదగినదో వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

అట్లయిన రోజెన్‌బర్గు వంచకుఁడా? అతఁడు జోహరు గ్రంథమును హెబ్రీలోనికిఁ దెచ్చిన పండితుఁడు. నిష్ఠాపరులైన యూదులు నవలలఁ జదువఁగూడదనువారు. మహాత్ముల చరిత్రములఁ జదువుట పుణ్యమనువారు. నవలను మహాత్మచరిత్రపు వస్త్రమునఁ జుట్టి వారియొద్దకుఁ బంపెనని పరిశోధకులు తలఁతురు. ఉద్దేశము మంచిదే, దోషము మాత్రము దోషమే. అసత్యమైన నిందకు సమాధానముగా నసత్యమైన ప్రమాణమును జూపిన, నా ప్రమాణము బయలుపడిననాఁడు సత్యపక్షమే చులకనయగును. నిందను ఖండించుటకు లేవీయకాండమును, 1247 నాఁటి పోపు లేఖయును, 1883, 1913 సంవత్సరముల తీర్పులును జాలును. కల్పితగ్రంథముతో బని లేదు. కల్పనగాఁ జదివినచో మాత్ర మా గ్రంథ మమూల్యము.

ఉత్తరకథ

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే హాయిమ్ బ్లోహు ఈ కథలనే జర్మనుభాషలోఁ బ్రకటించెను, రోజెన్‌బర్గు పేరు చెప్పకయే. 1925లో నింగ్లీషు రూపము వెలువడెను. దానితో ఇవి యజ్ఞాతకర్తృకములైన జానపదగాథలుగాఁ జెల్లుబడియైనవి. 1921లో లేవిక్కు యిడ్డిషుభాషలో వ్రాసిన గోలెము నాటకకావ్యము ప్రతిపక్షమును జూపెను: రక్షణకై లేపఁబడిన బలము తుదకు రక్షింపవలసినవారి రక్తమునే చిందించును. రోజెన్‌బర్గు చెప్పని మాటను లేవిక్కు చెప్పెను. ఈ పరంపరయందే 2000లో మైకేల్ షేబను రచించి 2001లో పులిట్జరు బహుమానము నందిన నవలయును, 2013లో హెలెన్ వెకరు 1899 నాఁటి న్యూయార్కునం దొక స్త్రీగోలెమును నడిపించిన నవలయును వెలువడినవి. ఇవి కల్పనలమనియే చెప్పుకొనును. కావున నీ కవులకు వ్రాతప్రతుల సాకు అక్కఱలేకపోయినది.

రోజెన్‌బర్గు 1913లోఁ గెనడాకుఁ బోయి 1935లో మరణించెను. 1939లో జర్మనులు ప్రాగును నాక్రమించిరి. సమాజమందిరపు టటుకమీఁదినుండి యెవ్వరును లేచి రాలేదు. బొహీమియా మొరావియాలలో హతులైన యూదులు సుమారు 80,000 మంది. వారి పేళ్లు ప్రాగునందలి పింకాసు సమాజమందిరపు గోడలమీఁద 1950 తరువాతి దశాబ్దమునఁ జేతితో వ్రాయఁబడినవి.

దీనివలనఁ దేలిన దిది. తాల్మూదునందలి మృత్పురుషుఁడు విద్యకు నిదర్శనము, హెల్మునందలివాఁడు సేవకుఁడు, ప్రాగు రక్షకుఁడు 1909లోఁ బుట్టినవాఁడు. వానిని 1580 నాఁటి చరిత్రముగాఁ జూపుట ప్రమాణవిరుద్ధము. కాని రక్షకుఁడు లేని జను లేమి కోరుకొనిరో తెలిసికొనఁగోరువారి కా గ్రంథము 1909 నాఁటి సత్యమైన చరిత్రము.